వాపసొచ్చిన పరుపు

మా ఆయనకి మూడంతస్తుల డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉంది. సూది నుంచి సోఫా దాకా అన్నీ దొరుకుతాయి. మా ఇంట్లో మాత్రం కొత్త వస్తువు ఒక్కటీ లేదు. కొన్నవాళ్లు నచ్చక తిరిగిచ్చినవీ, అమ్ముడుపోక మూల పడ్డవీ అన్నీ మా నెత్తికే. ఎవరో తొడిగి విప్పేసిన స్వెటర్ నేను వేసుకోవాలి. చంకల దగ్గర ఇంకా వాళ్ల చెమట వాసనే. నాకు ఒళ్లు మండిపోతుంది. ఆయనకి చీమ కుట్టినట్టైనా ఉండదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం, వానలో, స్టోర్ వ్యాన్ లోంచి పరుపొకటి దిగింది. ఆయన దాన్ని మా పాప గదిలో వేయించారు.

"ఇదెందుకు వెనక్కొచ్చింది?" అన్నాను.

"కొన్నావిడకి చాదస్తం. పడుకుంటే లోపల ఎవరో కదులుతున్నారట! ఒక్క మరకుందేమో చూడు."

మరక లేదు. వాసన ఉంది. వంగి చూస్తే పాచి నోటి వాసన, తడిసి ఆరని జుట్టు వాసన కలిసి గుప్పున కొట్టాయి. పైటతో ముక్కు మూసుకున్నాను.

"నీ ముక్కుకి అన్నీ కంపే. ముందు కాఫీ పెట్టు," అని నవ్వారు.

కాఫీ ఇచ్చి వచ్చేసరికి పాప దానిమీదే నిద్రపోయింది. ఎత్తి భుజాన వేసుకున్నాను. దుప్పటి మీద తడి. పక్క తడిపిందేమోనని గౌను తడిమాను. పొడిగానే ఉంది. దుప్పటి ముట్టుకున్నాను... వెచ్చగా, జిగటగా వేళ్లకి సాగింది. చొంగ.

గుడ్డతో తుడిచాను. మళ్లీ ఊరింది. ఇంకోచోట కూడా... ఇంకోచోట కూడా...

"ఏవండీ... ఇలా రండి..."

ఆయన చూశారు. మొహం పాలిపోయింది. అయినా, "దుప్పటి మార్చు, సరిపోతుంది," అని గొణిగారు.

"మారిస్తే పోయేదా ఇది? నా బిడ్డని దీనిమీద పడుకోబెట్టనిస్తానా? కోసి చూడండి."

దుప్పటి పక్కకి లాగేసి, అట్టపెట్టెలు విప్పే కత్తితో పరుపు ఈ చివర్నుంచి ఆ చివరికి చీరారు. ఇద్దరం వంగి చూశాం.

లోపల తెల్లటి ఫోమ్. పొడిగా, శుభ్రంగా ఉంది. దుప్పటి కూడా ఆరిపోయింది. ఆయన మొహం దగ్గరగా పెట్టి వాసన చూశారు.

"కొత్త సరుకు వాసనే! చూశావా? బంగారం లాంటి పరుపు, అనవసరంగా కోయించావు," అంటూ నవ్వేశారు.

నాకు మాత్రం వాసన పోలేదు. దగ్గరికొచ్చింది. నా మెడ పక్కనుంచే వస్తోంది... పాప తల వాల్చిన భుజం వైపు నుంచి.

గౌనుకి అంటుకుందేమోనని బాత్రూంలోకి పరిగెత్తాను. గౌను విప్పేసి, స్టూలు మీద కూర్చోబెట్టి, వీపుకి సబ్బు రుద్దాను. రుద్దేకొద్దీ జిగట. రుద్దేకొద్దీ కంపు. నా బిడ్డని ముట్టుకోడానికి నాకే అసహ్యం వేసింది. ఆ అసహ్యానికి ఏడుపొచ్చింది.

గట్టిగా రుద్దబోతే వేలు లోపలికి దిగింది. మెత్తగా... ఎముకే లేనట్టు.

"నొప్పా తల్లీ?"

"ఎక్కడమ్మా?" నిద్రమత్తులో అంది.

వేలు తీసేశాను. గుంట మెల్లగా పూడింది. పూడి ఆగలేదు. చర్మం పైకి పొంగింది. పక్కనే ఇంకోటి... ఇంకోటి... లోపల్నుంచి వేళ్లతో నెట్టినట్టు.

నా చెయ్యి పక్కకి జరిపాను.

అవీ అటే జరిగాయి.