దోసెడు పత్తి

ముందే చెబుతున్నాం, ఈ ముచ్చటలో ఆవగింజంత అబద్ధం లేదు. దీన్ని చెప్పే ముసలాయన ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాడు గానీ, కల్పించడం అనే విద్య మాత్రం ఆయనకు అబ్బలేదు. కావాలంటే దంతాలపల్లిలో ఎవరినైనా అడగండి. వాళ్ళు నవ్వితే పట్టించుకోకండి.

ఆ పొద్దు పూల్‌సింగ్ ఇంట్లో ఎప్పటిలాగే తెల్లవారింది. దంతాలపల్లికి కూతవేటు దూరంలోని తండా అది. ముసురుకు తడిసిన పత్తికాయలు వాకిట్లో కుప్పగా పోసి ఉన్నాయి. పూల్‌సింగ్ భార్య కమిలి పొయ్యి మీద జొన్నరొట్టె తిప్పుతోంది. గుంజకు కట్టేసిన నల్లమేక తుమ్మకాయలు నములుతోంది. అరుగు మీద పూల్‌సింగ్ తల్లి మోతీ, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, కాళ్ళు ఊపుకుంటూ బాటవైపు చూస్తోంది.

"మా అవ్వ ఇంకా రాలే. పాలకుర్తి అంగడికి పోయింది. నాకు పుట్నాలు తెస్తనన్నది."

పూల్‌సింగ్ చేతిలోని చెంబు కింద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాడు.

చిక్కంతా ఆ తెలుగు మాటలోనే ఉంది. తండాలో ఇంటి భాష వేరు. తల్లిని అవ్వ అనరు, యాడి అంటారు. తమవాళ్ళను గోర్ అంటారు, బయటివాళ్ళను కోర్ అంటారు. మోతీకి ఆ భాష తప్ప మరొకటి సరిగా రాదనే అందరూ నమ్మారు. అంగడికి పోతే వేలు చూపించి వంకాయలు కొనుక్కొచ్చే మనిషి! మతిమరుపు వచ్చి మొదట కోడలి పేరు మరిచింది, తర్వాత కొడుకు పేరు మరిచింది. మూడు వారాల కిందట ఒక పొద్దున లేచి, తండా భాషనంతా ఎవరో చీపురుతో ఊడ్చుకుపోయినట్టు, ఆరేళ్ళ పిల్లలా గలగలా తెలుగు మాట్లాడింది.

గాలి సోకిందని తాయెత్తు కట్టారు. తాయెత్తుతో కూడా తెలుగులోనే మాట్లాడింది. చివరికి తండాలో అందరికన్నా పెద్దవాడైన బలరాం తాత నోరు విప్పాడు. కరువు ఏట పాలకుర్తి బాట పక్కన ఒంటరిగా ఏడుస్తున్న కోర్ పిల్లను తండావాళ్ళు బండెక్కించుకొచ్చారట. మోతీ అని పేరు పెట్టుకున్నారట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేసుకున్నారట.

ఆనాటి నుంచి పూల్‌సింగ్ తల్లిని యాడీ అని పిలవలేదు.

కూతురు వర్షకు ఇది ఎక్కడ పట్టుకోవాలో తెలియని ముల్లు. ఆమె వరంగల్‌లో సమాజశాస్త్రం పరిశోధన చేస్తోంది. మనిషి తనను తాను ఏమనుకుంటాడు, మంచిచెడ్డలు మనిషిలో ఎక్కడ కాపురముంటాయి అన్నది ఆమె చదువు. ఏది పోతే మనిషి పోయినట్టు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని తండాలో నలభై ఇళ్ళు తిరిగింది. పేరు అన్నవాళ్ళున్నారు, గుణం అన్నవాళ్ళున్నారు. పూల్‌సింగ్ అయితే అప్పట్లో మీసం దువ్వుకుంటూ, "భాష! గోర్ బోలీ రానోడు గోర్ ఎట్లయితడు?" అని ఫోన్‌లో రికార్డు చేయించాడు.

ఆ జవాబు ఇప్పుడు ఇంట్లోనే పచ్చి పుండై కూర్చుంది.

లోపలి నుంచి పూల్‌సింగ్ ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. "ఆటో చెప్పిన. పది గంటలకొస్తది. పాలకుర్తికి పోతున్నం."

"ఎందుకు బాపూ?" అంది వర్ష.

"ఆమె అవ్వ అవ్వ అని ఏడుస్తలేదా? ఆమెది ఏ ఊరో అడుగుత. ఎవలో ఒకలు ఉంటరు. అప్పజెప్పి వస్త."

కమిలి చేతిలో రొట్టె పొయ్యిలో పడింది. "అప్పజెప్పుడేందయ్యా? తెచ్చిన మేకపిల్లనా వాపస్ ఇయ్యనీకి?"

మేక నమలడం ఆపింది.

"నన్నడగకు కమిలీ! నేను పిలిస్తే, నువ్వెవలు అంటది. నన్ను జూసి భయపడ్తది. మా యాడి గా కళ్ళల్ల లేదు." పూల్‌సింగ్ కూతురి వైపు తిరిగాడు. "నేను నీ ఫోన్ల చెప్పలేదానే వర్షా? భాష పోతే మనిషి పోయినట్టే అని!"

"చెప్పినవు బాపూ. జవాబు తప్పయితే దిద్దుకోవచ్చు. మనిషిని ఇంట్ల కెళ్ళి తీసేస్తవా?"

"సదువుకున్నవని నాకే సెప్తున్నవా?"

"నేను చెప్తలే. నీ యాడిని నువ్వే అడుగు."

"ఏమడగాలె? ఏ భాషల అడగాలె?" అని అరిచి, పూల్‌సింగ్ పత్తికుప్ప పక్కన కూలబడ్డాడు.

ఆ అరుపుకు మోతీ అరుగు దిగింది. కుప్ప దగ్గర కూర్చుని, చీర కొంగు నడుముకు చుట్టి ఒడి కట్టింది. ఆ వేళ్ళకు మాత్రం ఏ మతిమరుపూ రాలేదు. కాయ విప్పడం, పత్తి లాగడం, ఒడిలో వేయడం, చూస్తుండగానే ఒడి నిండింది.

పూల్‌సింగ్‌కు తన పదేళ్ళప్పటి సాయంత్రాలు గుర్తొచ్చాయి. నర్సింహులపేట పటేళ్ళ చేన్లో కూలికి పోయినప్పుడు, పత్తిని తక్కెడలో జోకే వేళకు యాడి తన ఒడిలోంచి దోసెడు పత్తి తీసి అందరికన్నా తక్కువ ఏరినవాళ్ళ ఒడిలో గప్‌చుప్‌గా వేసేది. "మనకే తక్కువున్నది, వాళ్ళకెందుకేస్తవు?" అని అతను గింజుకునేవాడు. "చూసినంక చెయ్యి ఆగది రా," అనేది తండా భాషలో.

మోతీ తలెత్తి అతని ఖాళీ ఒడి చూసింది. అటూ ఇటూ దొంగచూపులు చూసి, తన ఒడిలోంచి దోసెడు పత్తి తీసి అతని ఒడిలో కుక్కింది.

"నీ ఒడిల ఏం లేదు బిడ్డా," అంది గుసగుసగా. "పటేలు జోకినప్పుడు తిడతడు. నేనేసిన అని ఎవలకూ చెప్పకు."

పేరు పోయింది, కొడుకు పోయాడు, డెబ్బై ఏళ్ళ భాష పోయింది. అన్నీ పోయిన ఇంట్లో ఆ ఒక్క దీపం ఎవరూ నూనె పోయకుండానే వెలుగుతోంది.

"యాడీ," అన్నాడు పూల్‌సింగ్. మూడు వారాల ఏడుపు ఒక్కసారిగా కట్ట తెంచుకుంది.

ఆ పిలుపు తనదని మోతీకి తెలియలేదు. కానీ ఏడుపు తెలిసింది. కాయలు కాసిన అరచేత్తో అతని చెంపలు తుడిచింది.

"మీ అవ్వ గూడ అంగడికి పోయిందా? ఏడ్వకు బిడ్డా. వస్తది. మా అవ్వ గూడ వస్తది. అందాక ఇద్దరం కలిసి ఏరుదాం."

"ఏరుదాం యాడీ," అన్నాడు అతను, తెలుగులోనే.

బాట మీద ఆటో హారన్ మోగింది. కమిలి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ గడప దాటింది. "రాము తమ్మీ, నువ్వు పో! మా అత్తకు ఇయ్యాల పనున్నది."

వర్ష ఫోన్ తీసింది. తండ్రి ఒడి పట్టుకునే తలెత్తాడు. "నా జవాబు కొట్టెయ్ బిడ్డా. ఏమని రాస్తవో నీకు తెలుసు."

"రాస్త బాపూ," అని ఆమె ఫోన్ పక్కన పెట్టేసి, తనూ ఒక ఒడి కట్టుకుంది. ఆమె ఒడిలోనూ ఎవరూ చూడకుండా దోసెడు పడింది.

ఇక, అబద్ధం లేదని మొదట్లో కొట్టిన డబ్బా సంగతి. ఆ ఇంట్లో నల్లమేక లేదు, తెల్లమేకా లేదు. దోసెడు పత్తి మాత్రం ఉంది, చూసినవాళ్ళున్నారు. అంతటి నిజాన్ని ఒంటరిగా చెబితే ఎవరూ నమ్మరని, ముసలాయన దాని పక్కన ఒక మేకను కట్టేశాడు.