గడ్డకట్టిన సీసాలు

“సీసాలు కడగడం వచ్చా?” అని అడిగాడు చీఫ్.

ఏజెంట్ నైన్ నోరు తెరిచేలోపే ఫైలు ముందుకు తోశాడు.

“ఒక ల్యాబ్. క్యాన్సర్ ఒంట్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకాలంటే దానికో ఎంజైమ్ సాయం కావాలి. అడ్డొచ్చిన కణజాలాన్ని అది కోసుకుంటూ దారి చేస్తుంది. ఆ ఎంజైమ్‌ని పట్టిచ్చే యాంటీబాడీ తయారవుతోంది. మొదటి బ్యాచ్ పన్నెండు సీసాలు, మూడు నెలల్లో ఆస్పత్రులకి వెళ్తాయి. ఈలోపు వాటిని మార్చేయాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది. అసలువి వాళ్లకి, ఉప్పునీళ్లు మనకి.”

“మారిస్తే?”

“టెస్టులో ఏమీ కనబడదు. జబ్బు పాకుతున్న మనిషికి నీకేం లేదని చెప్పి ఇంటికి పంపేస్తారు.”

“లోపల మనవాళ్లెవరూ లేరా సార్?”

“ఒకరున్నారు. అమ్ముడుపోయారు. పాత చీఫ్ పెట్టిన మనిషి. అసలు పేరు ఆయనతోనే పోయింది. ఫైల్లో మారుపేరొక్కటే మిగిలింది. కోకిల.”

అలా నైన్ ల్యాబులో గాజుసామాను కడిగే మనిషయ్యాడు. పెట్టుడు మీసం, సోడాబుడ్డి కళ్లద్దాలు, పిడిలో ట్రాన్స్‌మిటర్ దాచిన బ్రష్షు. అన్నింటికన్నా అతని ప్రాణం తీసింది గ్లిజరాల్ అనే జిగట ద్రవం. ఫ్రీజర్లో పెట్టినా గడ్డకట్టకుండా ఆ ల్యాబువాళ్లు యాంటీబాడీలో సగానికి సగం అది కలుపుతారు. కొలపాత్రకు పట్టుకుందంటే ఒక పట్టాన వదలదు. తిట్టుకుంటూ తోమేవాడు.

ఆ తిట్లయినా వినే దిక్కు లేదు. అద్దెగదిలో ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు. శాస్త్రవేత్తలు అతని మొహం చూడకుండానే పాత్రలు సింకులో పడేసి పోయేవారు, ఒక్క ఫ్రీజర్ల ఇన్‌చార్జి తప్ప. తెల్లకోటులోనూ అందరి చూపూ తనమీదే ఉండేంత అందగత్తె. రోజూ పదకొండింటికి ఫ్లాస్కుతో వచ్చేది.

“ఏం మాస్టారూ, లోకంలో మురికంతా మీరే వదిలిస్తారా?” అంటూ మూత నిండా టీ పోసిచ్చేది.

ఆ పది నిమిషాల కోసం నైన్ పెట్టుడు మీసం చుట్టూ నున్నగా గడ్డం గీసుకునేవాడు. గూఢచారికి పనికిరాని అలవాటని అతనికి తెలుసు.

సీసాలు బయల్దేరే రోజు వచ్చింది. పదకొండింటికి ఆమె వచ్చింది. భుజాన ఫ్లాస్కు ఉంది. టీ మాత్రం పోయలేదు.

“ఇవాళ తీరిక లేదు మాస్టారూ,” అని తల తిప్పుకుని వెళ్లిపోయింది.

నైన్‌కి ముందు బాధే కలిగింది. టీ లేనప్పుడు ఫ్లాస్కు ఎందుకన్న అనుమానం చాలాసేపటికి గాని రాలేదు. రాగానే బ్రష్షు పట్టుకుని పరుగెత్తాడు.

డ్రైవర్ వ్యాను తలుపు వేస్తున్నాడు. నైన్ అతన్ని తోసి, ఫ్రీజర్లోంచి అప్పుడే తెచ్చిన పెట్టె తెరిచాడు. చిటికెనవేలంత సీసా తీసి తలకిందులు చేశాడు. లోపలిది గడ్డకట్టి ఉంది, కదల్లేదు. రెండోదీ అంతే. గ్లిజరాల్ ఉంటే తేనెలా జారాలి. ముఠా లేబుల్నీ మూతనీ అచ్చుగుద్దినట్టు దించింది గాని, ఆ ల్యాబు పాత్రలు తోమిన పాపాన పోలేదు.

“కోకిల బయటికొస్తోంది. గేటు మూయండి!” అన్నాడు బ్రష్షులోకి.

కారు డోరు మీద చెయ్యి వేసిన ఆమె మూసుకుపోతున్న గేటు చూసి ఆగిపోయింది. నైన్ రొప్పుతూ వచ్చాడు.

“కొంచెం టీ పోస్తారా?”

“చల్లారిపోయింది మాస్టారూ.”

“తెలుసు. మైనస్ ఇరవై ఉంటుంది.”

ఆమె భుజాన్నుంచి ఫ్లాస్కు తీసి ఇచ్చేసింది. మంచుముక్కల మధ్య పన్నెండు సీసాలు. వంచితే అన్నింట్లోనూ లోపలిది తేనెలా జారింది.

“ఇన్నాళ్లూ నాకు టీ ఎందుకు పోశారు?” అనేశాడు నైన్. డ్యూటీలో అడగాల్సిన ప్రశ్న కాదది.

“ఒక్కదాన్నే తాగలేక,” అంది ఆమె. జీపొచ్చి ఆమెను తీసుకుపోయింది.

అసలు సీసాలతో వ్యాను ఆస్పత్రులకు బయల్దేరింది. చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్. ఏం కావాలో అడుగు.”

“ఆ ఫ్లాస్కు.”

“అది సాక్ష్యమయ్యా. కుదరదు.”

సాయంత్రం నైన్ బజారుకెళ్లాడు. “ఒక్కరికి సరిపడే ఫ్లాస్కు ఉందా?”

“ఇద్దరికి తక్కువ రాదండీ,” అన్నాడు కొట్టువాడు.

నైన్ అదే కొన్నాడు. రెండో కప్పు ఎవరికని ఎవరైనా అడిగితే, అది డిపార్ట్‌మెంటు రహస్యమని చెప్పొచ్చు.