నలభై ఒక్క మొటిమలు, ఒక పెన్సిలు

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయి నా కొత్త గుర్తింపు కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

“ఈ అమ్మాయిని రమ్మను. నువ్వెందుకొచ్చావు?” అన్నాడు.

ఆ అమ్మాయిని నేనేనని ఒట్టు పెట్టుకున్నా ఆయన నమ్మలేదు. తప్పు ఆయనది కాదు. ఫోటోలో ఉన్నది వెన్నముద్దలాంటి పిల్ల. గేటు ముందు నిలబడ్డది ఒలిచిన దానిమ్మకాయ, అదీ సగం స్కార్ఫు కింద.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేదాన్ని. నా చదువు ఐదో క్లాసులో ఆగిపోయింది గానీ మొటిమలు మాత్రం ఎక్కడా ఆగలేదు. నుదుటి మీద మొదలై, బుగ్గలు దాటి, గడ్డం దాకా పాకాయి. ఎవరేం చెబితే అది చేశాను. టూత్‌పేస్టు రాశాను. నిమ్మచెక్క రుద్దాను. మా పెద్దమ్మ రోజుకి ఏడుసార్లు సబ్బుతో కడుక్కోమంది. ఎనిమిదోసారి నా సొంత తెలివి. కొరివితో తల గోక్కున్నట్టంటారే, నేను ఏకంగా మొహమే గోక్కున్నాను. ఒకటి తగ్గిందని సంబరపడేలోపు దాని చుట్టాలు నలుగురు దిగేవారు.

మొహం కంటే మనసు ఎక్కువ పాడైంది. చుట్టాలింటికి వెళ్ళడం మానేశాను. మధ్యాహ్నం అందరూ కలిసి తింటుంటే నేను గోడవైపు తిరిగి తినేదాన్ని. ఎవరు నవ్వినా నన్ను చూసే అనిపించేది. ఆఖరికి కుట్టుమిషను కటకటలాడినా అది నన్నే ఏదో అంటోందనుకునేదాన్ని.

అలాంటి సమయంలో అందరికీ ఫోటో కార్డులన్నారు. ఎదురు వీధిలో స్టూడియోకి వెళ్ళి, ఒక్క మొటిమ కనపడినా ఫోటో తీసుకోనని ఓనరుతో చెప్పాను. ఆయన వెనక గదివైపు చూసి, సరే, తీయించేద్దామన్నాడు. ఆ గదిలో ఎవరున్నారో నేను అడగలేదు.

ఇప్పుడు ఆ గదిలోకే తిన్నగా వెళ్ళాల్సి వచ్చింది. సోమవారంలోగా సరైన కార్డు తేకపోతే పనిలోకి రానివ్వనని సూపర్‌వైజరు తేల్చి చెప్పాడు మరి.

లోపల కిటికీ పక్కన, ఏటవాలు బల్ల ముందు ఒకతను కూర్చున్నాడు. బల్లకి మధ్యలో గాజుపలక, దాని మీద ఫోటో నెగటివ్, చేతిలో సూదిలా చెక్కిన పెన్సిలు.

“మీ వల్ల నా ఉద్యోగం పోయేట్టుంది” అన్నాను.

తలెత్తి చూశాడు. “ఓ, మీరా” అన్నాడు, చిన్నప్పటినుంచీ ఎరిగినవాడిలా.

“నేను మీకెలా తెలుసు?”

“రెండు సాయంత్రాలు మీ మొహమే చూస్తూ కూర్చున్నానండీ. నలభై ఒకటి.”

ఏమిటి నలభై ఒకటని అడగబోయి, అర్థమై, చెవులదాకా కాలిపోయాను. కానీ నా ఆస్తి లెక్క తప్పుచెబితే ఊరుకుంటానా?

“ముప్పై తొమ్మిది. రెండు పాత మచ్చలు.”

“అయితే ఆ రెండింటికీ సారీ అండీ.”

సంగతంతా విన్నాక నవ్వు ఆపుకోవడానికి పెన్సిలు కొరికాడు. నెగటివ్‌లో అంతా తలకిందులట. నల్లనిది తెల్లగా, తెల్లనిది నల్లగా కనపడుతుందట. నా మొటిమలు అందులో మెరిసే చుక్కలట. ఒక్కో చుక్కనీ పెన్సిలుతో పూడ్చాలట. ఓనరు ఒక్కటి కూడా ఉండకూడదన్నాడని అన్నీ పూడ్చేశాడు. పూడ్చినదాన్ని మళ్ళీ తుడవవచ్చు. కానీ అన్నీ తుడిస్తే ఆ కార్డు మెళ్ళో వేసుకునే ధైర్యం నాకు లేదు.

బయట వాన అందుకుంది. గొడుగు లేదు. వెళ్ళిపోదామన్నా దారి లేక, స్టూలు మీద కూర్చుని బేరం మొదలుపెట్టాను.

“కుడి బుగ్గ మీదవి మూడూ పూడ్చే ఉంచండి. ముక్కు మీదది కావాలంటే మీరు ఉంచుకోండి.”

“నాకెందుకండీ, ముక్కు మీది.”

“నుదుటి మీద రెండిస్తాను.”

“నాలుగు. లేకపోతే గుర్తుపట్టరు. గడ్డం మీద పెద్దది తప్పదు. అది లేకపోతే అది మీరు కాదు.”

మొటిమల మీద బేరమాడిన ఆడపిల్ల లోకంలో ఇంకొకతె ఉంటే చెప్పండి, దణ్ణం పెడతాను. మీకిప్పుడు ఫోన్లో ఒక్క వేలు తోస్తే చర్మం నున్నబడుతుంది, ఎవరితోనూ బేరం లేదు. ఆ రోజు పదకొండు మొటిమలు ఉంచే షరతు మీద ఇద్దరం రాజీకొచ్చాం. వాన ఎప్పుడు వెలిసిందో గమనించలేదు. గమనించానేమో, లేవలేదు.

వస్తుంటే అతను తన దవడ చూపించాడు. గుంటలు గుంటలుగా పాత మచ్చలు.

“గిల్లుకున్నానండీ. నా మొహం మీద పెన్సిలు పనిచెయ్యదు. మీరు మాత్రం గోళ్ళు పెట్టకండి. ఎవరైనా చర్మం డాక్టరుకి చూపించండి.”

సోమవారం కొత్త కార్డుతో గేటు దాటాను. డాక్టరుకీ చూపించాను. డాక్టరమ్మ మొహం పరీక్షించి, నిమ్మచెక్క, టూత్‌పేస్టు, పెద్దమ్మ, అన్నీ ఆపెయ్యమంది. రోజుకి రెండుసార్లు మెత్తటి సబ్బుతో కడుక్కుని, పడుకునేముందు పల్చగా క్రీము రాయమంది. మొదట ఎండి పొట్టు లేస్తుంది, భయపడొద్దు, మూడు నెలలు ఓపిక పట్టమంది. అప్పుడు కలం పక్కన పెట్టి, “సరిగ్గా నిద్రపోతున్నావా? నలుగురితో కలుస్తున్నావా?” అని అడిగింది.

రెండేళ్ళలో ఎందరో నా మొహం గురించి మాట్లాడారు గానీ నన్ను ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. ఆమె చేతిరుమాలు పూర్తిగా తడిపేశాను.

క్రీము చెప్పినట్టే పనిచేసింది, అంటే మొదట మొహాన్ని ఎండగట్టింది. బుగ్గలు సున్నం రాలే గోడలా తయారయ్యాయి. పైగా ఆ క్రీము బట్టల రంగు తినేస్తుందట, నాకేం తెలుసు? నల్ల స్కార్ఫు మీద బుగ్గలు ఆనిన చోటల్లా తెల్లమచ్చలు పడ్డాయి. దాచుకుందామని కప్పుకున్న గుడ్డే లోపల ఏముందో ఊరంతా చాటింది.

ఆ అవతారంతో అతని కిటికీ ముందు నడవడమా? వెనక సందులోంచి చుట్టూ తిరిగి ఫ్యాక్టరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. రోజూ చూడాలనిపించేది అతన్ని. అతను నన్ను చూస్తాడనే భయం దానికంటే పెద్దది. అలా అయిదు వారాలు.

ఆరో వారం మధ్యాహ్నం, అందరం మెట్ల మీద కూర్చుని తింటుంటే అతనే వచ్చాడు. చేతిలో కవరు. గడ్డం మీది మొటిమ ఉంచినందుకు నేను అలిగానని అనుకున్నాడట పాపం. దాన్నీ పూడ్చి, కొత్త ఫోటో తెచ్చాడు.

అంత దూరం నడిచొచ్చిన మనిషి ముందు ఇంకేం దాస్తాను? స్కార్ఫు కిందికి లాగాను.

“అలక కాదు. ఇదీ సంగతి. చూడండి, బాగా చూడండి.”

చూశాడు. ఆ నెగటివ్ చూసే చూపుతోనే, తాపీగా చూశాడు.

“గడ్డం మీది తగ్గిపోయిందే” అన్నాడు. “నుదుటి మీద ఎడమవైపువి కూడా.”

అది నేను తప్ప ఎవరూ గమనించలేదు. మా అమ్మ కూడా.

అతను కవరు నలుపుతూ నేలచూపులు చూశాడు. “మీరు అటు రాకపోయేసరికి పని సాగడం లేదండీ. ఎవరి మొహం ముందేసుకున్నా మీదే వెతుకుతున్నాను. మా అమ్మని మీ ఇంటికి పంపించనా?”

పంపించమని చెబుదామనే నోరు తెరిచాను. ఎండిపోయిన పెదవి మూల చిట్లింది. “అబ్బా” అని చెంప పట్టుకుని మొహం తిప్పుకున్నాను.

అతను తెల్లబోయాడు. “సరేనండీ, అర్థమైంది” అని గబగబా నడిచి వెళ్ళిపోయాడు.

పిలుద్దామంటే నోరు తెరుచుకోదు. అన్నం గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఇంటిల్లిపాదికీ మొహం చూపించనిదాన్ని, నలభై మంది చూస్తుండగా పట్టపగలు నడిరోడ్డు మీద ఒక మగపిల్లవాడి చొక్కా చెయ్యి పట్టుకుని ఆపాను.

“చిట్లింది పెదవి” అన్నాను రొప్పుతూ. “రేపే పంపించండి.”

మెట్ల మీద ఆడపిల్లలంతా చప్పట్లు కొట్టారు. మా ఆయన సిగ్గుతో ఎంత ఎర్రబడ్డాడంటే, ఆ పూట ఇద్దరిలో నా మొహమే నయం.