మైకు పక్క కుర్చీ

“ఈ బీరులో నురగ లేదు,” అన్నాడు ఫ్రిట్జ్.

“పాత పీపాది మరి,” అంది ఇర్మా.

కోడ్ కలిసింది. ఇర్మా ఆ బీరుహాల్లో పాటలు పాడుతుంది. గద్ద దళంలో ప్రతివాడూ ఆమె తనదేననుకుంటాడు. అటు వార్త ఇటు, ఇటు వార్త అటు మోయడం ఆమె అసలు పని.

“నవ్వుతూ విను,” అంది గ్లాసు తుడుస్తూ. “ఇంకాసేపట్లో మీ మండలి సభ కదా. వేదిక మీద బాంబు పెట్టేశారు. టైమర్ తిరుగుతోంది.”

“ఎక్కడ?”

“ఏదో కుర్చీ కింద. ఏ కుర్చీయో నాకు చెప్పలేదు. ఇంకోటి. నువ్వు ఫ్రిట్జ్ కాదు, ఫైవెల్ అని వీళ్లకు తెలిసిపోయింది. మీవాళ్లే ఎవరో అమ్మేశారు.”

అతను నవ్వాడు. రెండేళ్లుగా నవ్వడమే ఉద్యోగం.

సిన్సినాటిలో హిట్లర్ భజన చేసే ముఠా ఈ గద్ద దళం. దాంట్లోకి ఫైవెల్‌ని దూర్చింది యూదుల ఉమ్మడి మండలి. ప్రార్థనాలయాల వాళ్లు, దర్జీల యూనియన్, పాత సైనికులు, షావుకార్లు, లాయర్లు, ఒకరి మొహం ఒకరికి పడదు. అయినా మేయరు ముందు, పేపర్లలో ఒక్క గొంతుతో మాట్లాడాలి కాబట్టి ఒకే గొడుగు కింద తడుస్తూ నిలబడ్డారు. ఫైవెల్ సంగతి అందులో అయిదుగురు పెద్దలకే తెలుసు. దర్జీల నాయకుడు గెట్జెల్‌కు తెలియదు. గెట్జెల్ అతని సొంత అన్న. తమ్ముడి చేతికి స్వస్తిక పట్టీ చూసి నడిబజారులో మొహాన ఉమ్మేశాడు. అమ్మ బతికున్న కొడుక్కి ఏడు రోజులు నేల మీద కూర్చుని చావు పాటించింది.

ఫైవెల్ వీధి చివర ఫోన్ బూత్‌లోకి దూరాడు. సభ హాలుకు ఫోన్ చేసి, తనను ఈ పనిలోకి దింపిన లాయరు రోసెన్‌హాఫ్‌కు చెప్పాడు.

“నువ్విటు రాకు బాబూ. పోలీసులతో హాలంతా వెతికిస్తా.”

“మా అన్నయ్య వేదిక మీదుంటాడు సార్.”

“నేనున్నాగా!”

సగం వీధి నడిచేదాకా ఆ మాట నమ్మాడు. తర్వాత కాళ్లు వాటంతటవే హాలు వైపు పరుగు తీశాయి.

పట్టీ పీకి పారేసి, ఎలక్ట్రీషియన్ టోపీ పెట్టుకుని వెనక తలుపులోంచి దూరాడు. హాల్లో ఒక్క పోలీసూ లేడు. ఎవరూ ఏదీ వెతకడం లేదు. జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవరో పెద్దాయన మైకు పట్టుకుని వదలడం లేదు. అరిస్తే? హిట్లర్ మనిషి సభ చెడగొట్టడానికి వచ్చాడంటారు. ఇన్ని కుర్చీల్లో దేని కింద చూడాలి?

అప్పుడు కనిపించాడు గెట్జెల్. మైకు పక్కన, మొదటి కుర్చీలో, ఛాతీ విరుచుకుని.

అది రోసెన్‌హాఫ్ కుర్చీ. దాని కోసం ఆయన మొన్న ప్రార్థనాలయం గురువు పెద్ద రబ్బీతోనే గొంతు చించుకుని పోట్లాడాడు. ఈ మండలిలో మనిషి ప్రాణమైనా ఇస్తాడు కానీ వేదిక మీద కుర్చీ ఇవ్వడు. అలాంటివాడు దాన్ని ఒక దర్జీకి ఇచ్చి, తను చిట్టచివర తలుపు పక్కన టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఫోన్లో ఆయన అన్న మాట ఫైవెల్‌కి ఇప్పుడు అర్థమైంది. నేనున్నాగా!

దూకాడు.

“అన్నయ్యా, లే!”

“ఒరేయ్ కుక్కా, ఇక్కడిక్కూడా తగలడ్డావా!”

నీళ్ల జగ్గు ఫైవెల్ నెత్తి మీద పగిలింది. అతను అన్నతో సహా కుర్చీని పడదోశాడు. కింద తీగతో కట్టిన రేకు డబ్బా టిక్కు టిక్కుమంటోంది. పీకాడు. ఓహైయో నది వైపు కిటికీలోంచి విసిరాడు. అది నదిలో పేలింది. నీళ్లు కిటికీ దాకా లేచి హాల్లో పడ్డాయి. అద్దాలన్నీ పగిలాయి. మనుషులు మిగిలారు.

రోసెన్‌హాఫ్ పారిపోలేదు. తలుపు దగ్గరే కూలబడ్డాడు.

“మ్యూనిక్ జైల్లో మా చెల్లెలుంది. వదిలేస్తామన్నారు,” అన్నాడు.

“వదిలారా?”

రోసెన్‌హాఫ్ తల దించుకున్నాడు.

“నాతో ఒక్క మాట అనుంటే ఏదో దారి చూసేవాణ్ని. ఆ కుర్చీకి మా అన్నే దొరికాడా సార్?”

“ఇస్తానంటే ఇంకెవరైనా అనుమానించేవాళ్లు.” రోసెన్‌హాఫ్ తల ఎత్తలేదు. “మీ అన్న మురిసిపోయాడు.”

పోలీసులు అప్పుడొచ్చారు. ఆయన్ని తీసుకెళ్లారు. మిగిలిన పెద్దల్లో ఒకరు గెట్జెల్ చెవిలో అసలు సంగతి ఊదారు. గెట్జెల్ మొహం పాలిపోయింది. తమ్ముడి తలకు రుమాలు కట్టాడు. కోపమంతా పెద్దల మీదికి తిరిగింది.

“బతికున్న బిడ్డకు మా అమ్మ చేత శోకం పెట్టిస్తారా! మా యూనియన్ని ఒక్క మాట అడిగారా?”

“అడిగితే మీరు ఒప్పుకునేవాళ్లు కాదుగా!”

“ఒప్పుకునేవాళ్లం కాదు! అయినా అడగాలి!”

వేదిక మీద కేకలు మొదలయ్యాయి. ఫైవెల్ నెత్తి పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. శత్రువుల మధ్య రెండేళ్లున్నాడు, ఒంటి మీద గీత పడలేదు. మనవాళ్ల మధ్యకొచ్చి ఇంకా పట్టుమని పది నిమిషాలైనా కాలేదు.