నల్లబడిన స్క్రీన్‌లో నా ముఖం

కంప్యూటర్ డబ్బాను కౌంటర్ మీద దబ్బున పెట్టి ఆమె అడిగింది. "అసలు మీకు రిపేరు వచ్చా?"

వచ్చనే అనుకుంటున్నాను. ఏడేళ్ళుగా ఈ షాపు నాదే. కానీ ఆమె ఇలా రావడం ఇది మూడోసారి. జబ్బు ఒక్కటే. గేమ్ ఆడుతుండగా ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడుతుంది. సౌండ్ మాత్రం వస్తూనే ఉంటుంది, లోపల ఫ్యాన్లు చెవులు చిల్లులుపడేలా తిరుగుతాయి.

"కేబుల్ మార్చాను, పవర్ సప్లై మార్చాను, గ్రాఫిక్స్ కార్డు విప్పి దుమ్ము దులిపాను," అన్నాను. "మొన్న ఇక్కడే నాలుగు గంటలు గేమ్ నడిపి చూశాను. రెప్ప కూడా వేయలేదు."

"మీరా, అదా?"

"ఇద్దరం."

ఆమె నవ్వలేదు. "మొదట్లో నలభై నిమిషాలకి నల్లబడేది. మీరు బాగుచేశాక ఇరవైకి. మళ్ళీ బాగుచేశాక పదికి. ఇంకోసారి మీ చేయి పడితే ఆన్ కూడా అవదు. టీమ్‌లో నన్ను పిడుగు అనేవాళ్ళు. ఇప్పుడు పవర్‌కట్ అంటున్నారు. ఆదివారం ఫైనల్. మధ్యలో ఒక్కసారి మాయమైనా టీమ్‌లోంచి తీసేస్తామన్నారు."

నాకు ప్రాణం ఉసూరుమంది.

"సాయంత్రం మీ ఇంటికొచ్చి చూస్తాను," అన్నాను. నిజం చెప్పొద్దూ, అందులో పని మీద శ్రద్ధ సగమే.

ఇల్లు మూడో అంతస్తులో. ఉండేది ఆమె, వాళ్ళ తాతయ్య. ముప్పై ఎనిమిదేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి ఆయన. మనవరాలు ఆడుతుంటే వెనక కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటాడు. డబ్బా ఆ కుర్చీ పక్కనే, నేల మీద ఉంది.

"మీరు స్క్రీన్ మీంచి చూపు తిప్పకండి," అని నన్ను పక్కన కూర్చోబెట్టి ఆమె హెడ్‌సెట్ పెట్టుకుంది.

తిప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆమె శత్రువు కనిపిస్తే పళ్ళు కొరుకుతుంది, వాడు చచ్చాక "అయ్యో పాపం" అంటుంది. అలాంటి మనిషి పక్కనుంటే స్క్రీన్ ఎవడు చూస్తాడు? తొమ్మిదో నిమిషంలో నల్లబడింది. ఏం జరిగిందో నేను చూడలేదు. మళ్ళీ ఆన్ చేసి ఆడింది. ఎనిమిదో నిమిషంలో నల్లబడింది. అప్పుడూ చూడలేదు.

మూడోసారి ఆమె చటుక్కున ఇటు తిరిగింది. దొంగ దొరికినట్టు నేను తల వెనక్కి తిప్పేశాను. అలా తిప్పడమే నేను ఆ రోజు చేసిన ఒకే ఒక్క మంచి పని.

ఆమె ఆటలో పడింది. వెనక తాతయ్య ఫ్యాన్ల చప్పుడు చెవిన పడగానే పేపరు మడిచాడు. కుర్చీ వెనకున్న నీళ్ళ బకెట్‌లోంచి ఒక గుడ్డ తీసి, గట్టిగా పిండి, చప్పుడు కాకుండా వంగి డబ్బా మీద కప్పాడు. నిండుగా, పిల్లాడికి దుప్పటి కప్పినట్టు. గాలి పోయే దారులన్నీ మూసుకుపోయాయి. కాసేపటికే స్క్రీన్ నల్లబడింది. ఆయన గుడ్డ లాగేసి వీపు వెనక దాచుకుని, నన్ను చూసి బిగుసుకుపోయాడు.

నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి గుసగుసగా అన్నాడు. "ఇంజను వేడెక్కితే తడిగుడ్డ వెయ్యాలి బాబూ. నా బండికి అలాగే వేసేవాణ్ణి. ఆలస్యంగా వేస్తున్నానేమోనని రోజురోజుకీ ముందే వేస్తూ వచ్చా."

"ఇది బస్సు కాదు తాతయ్యా. గాలి ఆడకే ఆగిపోతోంది. పైగా నీళ్ళు."

ఆయన ముఖం వాడిపోయింది. "ఇంకెప్పుడూ వెయ్యను. కానీ దానికి చెప్పకు. తెలిస్తే నన్ను ఒక్క మాట కూడా అనదు. ఏమీ అనకుండా ఊరుకుంటుందే, అదే నాకు భయం."

లోపలికొచ్చాను. "తప్పు నాదే. ఫ్యాన్ తిరగేసి బిగించాను. సరిచేసేస్తాను, ఇక నల్లబడదు," అన్నాను. మెకానిక్ నోట రాకూడని మాట అది.

ఆమె నన్ను నిలువునా చూసింది. "మూడుసార్లు మోసుకొచ్చాను దీన్ని. ఆదివారం గెలిచినా సరే, ఇక మీ ముఖం నాకు చూపించకండి."

ఆదివారం షాపు మూసి ఫోన్‌లో ఫైనల్ చూశాను. రెండు గంటల ఆట. స్క్రీన్ నల్లబడలేదు, పిడుగు పిడుగులాగే పడింది, టీమ్ గెలిచింది. నాకు సంతోషంతో పాటు ఏడుపూ వచ్చింది. ఇక ఆమె నా గుమ్మం తొక్కదు కదా.

సోమవారం తొక్కింది. చేతిలో డబ్బా లేదు. వెనక తాతయ్య ఉన్నాడు.

"ఫ్యాన్ తిరగేసి బిగించానన్నారు కదా," అంది. "మరి ఆ రోజు మా ఇంట్లో మీ స్క్రూడ్రైవర్ సంచిలోంచి బయటికే రాలేదు. తిరగేసిన ఫ్యాన్ తనంతట తనే తిరిగి కూర్చుందా?"

అబద్ధమైతే చెప్పాను గానీ, బాగుచేసినట్టు నటించడం మరిచాను.

"తాతయ్యని నిలదీశాను. మొత్తం చెప్పాడు."

"ఏమీ అనకుండా ఊరుకోలేదు కదా?" అన్నాను కంగారుగా.

"గంటసేపు తిట్టాను. హాయిగా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు." కౌంటర్ మీదికి వంగి అడిగింది. "నా దృష్టిలో వెధవైపోతారని తెలిసీ ఎందుకు చెప్పారు ఆ అబద్ధం?"

"మీరు బాధపడితే చూడలేను. ఆయన బాధపడితే మీరు బాధపడతారు. నాకు మీరంటే ఇష్టం."

"తెలుసు."

"ఎలా?"

"నల్లబడిన స్క్రీన్ అద్దంలా ఉంటుంది మెకానిక్ గారూ. తాతయ్య వంగి ఉండేవాడు కాబట్టి కనిపించలేదు. మీరు మాత్రం నోరు తెరుచుకుని నన్నే చూస్తూ నిండుగా కనిపించారు. మొదటి రెండుసార్లూ."

సిగ్గుతో కౌంటర్ కింద దూరాలనిపించింది. ఆమె నవ్వింది. "రేపు సాయంత్రం రండి. సంచి అక్కర్లేదు. ఆడటం నేర్పిస్తాను."

నేను తాతయ్య వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళు వెనక నుంచి కండక్టరు అరిస్తేనే బండి కదిలించాను. ఒక్కరోజైనా నేను అరవాలని ఎంత కోరికో," అని, మా షాపు తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. "రైట్, రైట్."