పల్లపు నేల పేరు

ఆ ఏడు యార్క్‌షైర్ కొండల్లో వేసవంతా వాన జాడ లేదు. తోటలకు గొట్టాలతో నీళ్లు పెట్టవద్దని రేడియోలో పొద్దున్నే మళ్లీ చెబుతున్నారు. మేవిస్ టీ కెటిల్‌కి ఉన్ని తొడుగు వేసి, కాల్చిన రొట్టెకు వెన్న రాసి ఆడపడుచు విన్నీ ముందు పెట్టింది. విన్నీ ముక్కను తిరగేసి చూసింది.

"మాడింది."

"నలుపంతా గీకేశాను."

"మా అమ్మకు గీకే పని ఉండేది కాదు. మాడకుండా కాల్చేది."

మేవిస్ తన రొట్టెకు వెన్న రాసుకుంది. పెళ్లయి ఈ రాతి ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి వింటున్న మాటలే. భర్త క్లిఫర్డ్ ఉన్న రోజుల్లో అక్క ఏదైనా అనగానే బల్ల కింద భార్య మోకాలు మెల్లగా తట్టేవాడు. అతను పోయి మూడేళ్లయింది. పిల్లలు లేరు. బల్లకి చెరో చివర ఇద్దరు ముసలి ఆడవాళ్లు, మధ్యలో మార్మలేడ్ సీసా. రేడియో కట్టేస్తే ఇక గోడ గడియారం చప్పుడే.

"నిన్న నువ్వు దుకాణానికి వెళ్లినప్పుడు పాస్టరుగారు వచ్చారు. మన సమాధిలో ఇంకొక్క శవపెట్టెకే చోటుందట," అంది విన్నీ.

మేవిస్ చేతిలో కత్తి ఆగింది. అక్కడ ఇంటికొక గొయ్యి. లోతుగా తవ్వి, పోయినవాళ్లను ఒకరి మీద ఒకరిని దించుతారు. అడుగున మామగారు, పైన అత్తగారు, ఆ పైన క్లిఫర్డ్. మిగిలిన చోటు తనది కాక ఇంకెవరిదని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"నాకు కావాలని చెప్పేశాను. హోల్రాయిడ్ ఇంటిపేరుతో పుట్టినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నువ్వు పెళ్లితో వచ్చినదానివి. సముద్రం ఒడ్డున మీవాళ్లున్నారుగా."

"వాళ్లంతా ఎప్పుడో పోయారు విన్నీ."

"పోయినవాళ్ల పక్కన పడుకోవడం గురించేగా మనం మాట్లాడుకుంటున్నది."

"అతను నా భర్త."

"నీకంటే ముందు నాకు తమ్ముడు."

మేవిస్ కత్తి కింద పెట్టింది. "మనలో ఒకరిని దహనం చేస్తే బూడిదకి వేరే గొయ్యి అక్కర్లేదు. ఇద్దరికీ సరిపోతుంది," అంది మెల్లగా.

"హోల్రాయిడ్‌లను ఎవర్నీ కాల్చలేదు. నీ రొట్టెను చూశాక నాకసలు ఆ ఊహే వద్దు." విన్నీ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "జలాశయం ఎండి మా పాత ఇల్లు బయటపడిందట. తీసుకెళ్లు."

కారు నడపడం మేవిస్‌కే వచ్చు. ఫ్లాస్కులో టీ పోసుకుని తాళాలు తీసుకుంది.

హోల్రాయిడ్ అనేది ముందు ఒక పొలం పేరు. కింది నగరానికి తాగునీళ్ల కోసం ఆ లోయకు ఆనకట్ట కట్టినప్పుడు విన్నీ చిన్నపిల్ల. పొలం, ఇల్లు నీళ్ల కిందికి వెళ్లిపోయాయి. పేరు మాత్రం పోకూడదని తండ్రి పిల్లలిద్దరినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని దాని అర్థం పాఠంలా చెప్పించేవాడట.

జలాశయం దగ్గర తిరునాళ్లలా ఉంది. ఐస్‌క్రీమ్ బండి కూడా వచ్చింది. నెర్రెలు విచ్చిన బురద మీద విన్నీ చేతికర్ర పొడుస్తూ నడిచింది. పడకుండా మేవిస్ మోచెయ్యి పట్టుకుంది. మోకాలెత్తు గోడలు, వాటి మధ్య పొయ్యి రాయి. ఆ రాయి మీద ఎవరో పిల్లలు నిలబడి ఐస్‌క్రీమ్ నాకుతున్నారు.

"ఇది మా ఇల్లు," అంది విన్నీ వాళ్ల తల్లితో.

"అలాగా అండీ," అని ఆవిడ మర్యాదగా నవ్వి, పిల్లలను పక్కకు లాక్కెళ్లింది. ఇంకేమీ అడగలేదు.

ఎవరూ అడగకపోయినా విన్నీ తండ్రి నేర్పిన పాఠం చెప్పింది. "హోల్ అంటే పల్లం. రాయిడ్ అంటే అడవి కొట్టి సాగుకు తెచ్చిన నేల. పల్లంలో చెట్లు నరికి నేల చేసినవాళ్లం మేము."

"మరి మొదటిసారి గొడ్డలి పట్టినవాడు ఏ పేరుతో వచ్చాడు?" అంది మేవిస్.

"ఏంటి?"

"అప్పటికిది అడవే కదా. ఈ పేరు లేదు. ఎక్కడినుంచో వచ్చి, ముళ్లూ మొద్దులూ పీకి, ఇక్కడే ఉండిపోయాకే వాణ్ని హోల్రాయిడ్ అన్నారు. వాడు మాత్రం ఈ పేరుతో పుట్టాడా?" ఆమె విన్నీ ముందుకొచ్చి నిలబడింది. "మీ అమ్మ మంచం పట్టినప్పుడు దుప్పట్లు ఉతికింది నేను. మీ నాన్న చివరి రోజుల్లో గడ్డం గీసింది నేను. ఇంతకాలం చేసినా నేనింకా బయటిదాన్నేనా?"

విన్నీ పొయ్యి రాయి మీద కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుంది. మేవిస్ మరో మాట అనబోయి ఆగింది. ఆ ముసలి భుజాలు కదులుతున్నాయి.

"ఆ చోటు లేకపోతే కొత్త శ్మశానంలో వేస్తారు నన్ను. బస్సుల రోడ్డు పక్కన, ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య," అంది విన్నీ చివరికి. "రాత్రి పక్క మీద పడుకుంటే అదే ఆలోచన. గోడకవతల మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే వింటూ నిద్రపోయేదాన్ని. వాడు పోయాక అదీ లేదు. నీకు మనిషి దొరికాడు మేవిస్. నాకు పేరొక్కటే మిగిలింది."

ఆ ఇంట్లో రాత్రుళ్ల నిశ్శబ్దాన్ని వింటున్నది తానొక్కతేనని మేవిస్ మూడేళ్లుగా అనుకుంటోంది. వంగి ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ మెల్లగా కారు దాకా నడిచారు.

ఫ్లాస్కుకు ఉన్నది ఒకటే మూత. మేవిస్ టీ పోసి ఇచ్చింది. విన్నీ సగం తాగి తిరిగి ఆమె చేతికిచ్చింది. అద్దంలోంచి చూస్తే పొయ్యి రాయి మీద మళ్లీ పిల్లలు ఎక్కారు.

"బూడిదకి ఎంత చోటు కావాలి?" అంది విన్నీ.

"బిస్కెట్ల డబ్బా అంత."

విన్నీ ఆలోచించింది. "అయితే పెట్టె నీది. డబ్బా నాది."

"విన్నీ, నీకు దహనమంటే..."

"నాకు నువ్వు చెప్పక్కర్లేదు." చేతిగుడ్డతో ముక్కు తుడుచుకుని, కిటికీ వైపు తిరిగింది. "సమాధి రాయి మీద నీ పేరు వాడి పేరు కిందే చెక్కించుకో. నాది అడుగున చాలు. నేను ముందు పోతే అంతా చూసుకోవాల్సింది నువ్వే. నీ చేతిలో మాడకుండా ఉంటానా."

"మాడితే గీకేస్తాను," అంది మేవిస్.

విన్నీ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. బల్ల కింద క్లిఫర్డ్ చేసినట్టే మేవిస్ ఆమె మోకాలు మెల్లగా తట్టి, కారు స్టార్ట్ చేసింది.