నెమలి టంకములు

పులిగుట్ట దుర్గమున ఏ బురుజెక్కి చూచినను శత్రువుల గుడారములే. పంటచేలు మాడి మసియైనవి, ఏటి యొడ్డున పొరుగురాజు ఏనుగులు ఘీంకరించుచున్నవి, కోటలోపల గాదెలు అడుగంటినవి. అట్టి గడ్డుకాలమున ఆ కోటను కాచుచున్నవాడు వృద్ధ సేనాపతి బేతనాయకుడు. మాట నిలుపుకొనుటలో అంతటివాడు ఆ సీమలో లేడు. మనుష్యులను అనుమానించుట మాత్రము ఆయనకు చేతకాదు. అదే కొంప ముంచినది.

ఆ రాజ్యమున ఒక కట్టడి కలదు. కత్తి పట్టిన ప్రతి బంటుకును పెద్దరాజు తన చేతితో నెమలి ముద్రగల వెండి నాణెము, టంకమనునది, ఒకటి ఇచ్చెడివాడు. బంటు దానిని మొలత్రాటికి కట్టుకొనును. వాడు పోరున కూలినచో తోడివారు దానిని విప్పి వాని ఇల్లాలికి చేర్తురు. ఆమె దానిని కొలువున చూపినచో బిడ్డలను సాకుకొనుటకు నెత్తుటి మాన్యమని ఇంత భూమి దక్కును. రాజే టంకమును తిరిగి తీసికొన్నచో మాత్రము బంటుకు కొలువు చెల్లినట్లే. ఆపైన వాడు కత్తి దూయుట పాపము.

పెద్దరాజు గతించి, ఆయన కుమారుడు మారభూపతి, మీసము మొలవని వయసున, గద్దెనెక్కెను. మంత్రి కొమ్మనామాత్యుడు పొరుగురాజుతో లోలోపల మంతనములాడుచుండెను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడందురు గదా!

“నాయకా! కొత్త ప్రభువునకు పాత ముద్ర యేమిటి? బంట్ల టంకములన్నియు ప్రోగుచేసి తెమ్ము. కొత్త ముద్ర వేయించి ప్రొద్దుగూకులోగా తిరిగి యిప్పింతును. ఇది రాజాజ్ఞ!” అని మంత్రి నిండుకొలువున పలికెను.

రాజాజ్ఞ యన్నంతనే బేతనాయకుని తల వంగెను. బంట్లు సందేహింపగా ఆయన ముందు తన టంకమును విప్పి, పిమ్మట కొడుకు మాచనవైపు చేయి చాచెను.

“నాయనా, ఇది పోయినచో మీ కోడలికి ఏది ఆధారము?” అనెను మాచన.

“సాయంకాలమునకు తిరిగివచ్చును. నాది పూచీ.”

ఆ మాట విని అందరును ఇచ్చివేసిరి. ప్రొద్దుగూకెను. కొత్త టంకములు రానేలేదు.

తెల్లవారుసరికి శత్రువులు గోడలకు నిచ్చెనలు వేయుచుండిరి. బంట్లు చేతులు కట్టుకొని నిలిచిరి. వారిలో పెద్దవాడైన కాటడు ముందుకు వచ్చి, “దొరా, మా కొలువు చెల్లినది. ఎవరి బంట్లమని కత్తి దూయుదుము?” అని అడిగెను.

బేతనాయకుడు తలపాగా తీసి నేలనుంచెను. “మోసపోయితిని నాయనలారా! ఆ మంత్రి మనలను అమ్ముకొన్నాడు. మిమ్ము అడుగుటకు నాకు నోరు లేదు. మన ఆలుబిడ్డలు ఈ గోడవెనుక నున్నారు. నేను పోవుచున్నాను.”

తండ్రికంటె ముందు మాచన గోడమీదికి దుమికెను. ఇక ఎవడాగును? పాపమో పుణ్యమో, అందరును దుమికిరి. కోట నిలిచెను. దొడ్డివాకిలి గడియ తీయబోయిన మంత్రి అక్కడనే హతుడయ్యెను. అయిననేమి! బంట్లలో సగమునకు సగము నేలకొరిగిరి. మాచన మెట్లమీదనే ప్రాణము విడిచెను.

విధవలు కొలువునకు రాగా, మారభూపతి తల దించుకొని, “టంకము లేనిదే మాన్యమీయరాదు. తాతలనాటి కట్టడి” అనెను. ఆ టంకములా? మంత్రి కరగించి శత్రువునకు ముందే పంపివైచెను.

బేతనాయకుడు లేచి, “ప్రభూ! మునుపు మాన్యము పొందినవారు అమ్ముకొన్న పెద్దరాజు నెమలి టంకములు వర్తకులచేత దేశదేశములకు పోయియున్నవి. కూలినవానికొక్కటి చొప్పున తెచ్చినచో?” అనెను.

“తెచ్చిన ప్రతి టంకమునకును మాన్యమిత్తుము.”

సేనాపతి కత్తి దించి, గుఱ్ఱమును అమ్మివేసి బయలుదేరెను. రేవులు, సంతలు, కంసాలి కొలుములు — అడుగని చోటు లేదు. ఒకచోట పసిపిల్ల మెడలోని టంకమునకై ఆ యింట నెలలతరబడి పశువులు కాచెను. “ముసలివానికి నెమలి పిచ్చి” అని జనము నవ్విరి. నవ్వనిమ్ము, ఆయన ఆగలేదు. అందరికి సరిపడ కూడునప్పటికి ఏండ్లు గడచి, చూపు మందగించెను.

తిరిగివచ్చునప్పటికి కోటమీద పరాయి జెండా. మారభూపతి లేడు, ఆ కొలువు లేదు. కొత్త అధికారి టంకములను చూచి పకపక నవ్వెను.

అయినను ఆ ముసలివాడు గడపగడపకును పోయి, పేరు చెప్పి, టంకమిచ్చెను. తన కోడలు పోలసాని యింటికి చివరకు గాని కాలు కదలలేదు. ఆమె రోటిలో పరుల వడ్లు దంచుచుండెను. తల నెరసినది, నొసట బొట్టు అట్లే యున్నది.

“తల్లీ, దీనికి మాన్యమిచ్చు రాజు లేడు. వానిది నేనే తీసికొంటిని. ఇది వానిది కూడ కాదు” అని ఆయన టంకమున్న చేయి చాచెను.

పోలసాని దానిని రెండు చేతులా అందుకొని కన్నులకద్దుకొనెను. “మామా, టంకము ఇల్లు చేరినగాని మగడు పోయినట్లు కాదని మా అత్త చెప్పెడిది. లోకము నన్ను ఎంత ఆడిపోసికొన్నను అందుకే ఈ బొట్టు తీయలేదు” అనెను.

పిమ్మట ఆమె చెంగుతో నొసలు తుడిచికొనెను. బేతనాయకుడు ఆ వాకిట కూలబడి, పసివానివలె వెక్కి వెక్కి ఏడ్చెను.